ఉతికిన గుడ్డ

గుర్రుమన్నది ఒక్కసారే. అదీ వినపడీ వినపడనట్టు, గొంతులోపలే. అయినా జోగమ్మ గుండె ఝల్లుమంది. కోడలు చిలకమ్మ కిటికీ పక్కన చాప మీద కూర్చుని ఉంది. ఆమె ఒళ్ళో ముప్పై రోజుల పసిగుడ్డు పైడితల్లి. నాలుగడుగుల ఇవతల కుక్క, దాని మెడపట్టీ పట్టుకుని మోకాళ్ళ మీద కొడుకు అప్పలసూరి, వాళ్ళకి ఎదురుగా మెడలో కెమెరా వేలాడేసుకుని స్టూడియో ఫ్రాన్సిస్. తోకూపుకుంటూ లోపలికొచ్చిన కుక్క ఉన్నట్టుండి ఆగిపోయింది, ముక్కెత్తి గాలి పీల్చింది, మెడ మీద బొచ్చు నిక్కబొడుచుకుంది, ఆ తర్వాత ఆ చప్పుడు. అప్పలసూరి చెయ్యెత్తబోతే ఫ్రాన్సిసే ఆపాడు. "కొట్టకు బావా, తిట్టకు. నాకు భయమేస్తోందని మనకి చెప్పింది, అది మంచిదే. మెల్లగా వరండాలోకి తీసుకుపోయి నీళ్ళు పెట్టు. కాసేపాగి చూద్దాం. పదకొండున్నర దాకా ఈ కిటికీలో వెలుగుంటాది." గోడ గడియారం పదీ ముప్పావు చూపిస్తోంది. ముప్పావుగంట. ఆ మూగజీవి ఈ ఇంట్లో ఉండేదో పోయేదో ఈ ముప్పావుగంటలో తేలిపోవాలి.

తేల్చమన్నది ఎవరు? తనే. నిన్న వంటింటి గడప మీద కూర్చుని ఇంకెవరూ నోరెత్తకుండా తనే తీర్పు చెప్పేసింది. "ఫొటో కాడ బుద్దిగా ఉందా, ఉంటాది. గుర్రుమన్నదా, మా ఎల్లాజీ లారీలో ఆనందపురం ఎల్లిపోతాది. మల్ల నన్నెవులూ అడక్కండి." చెప్పడమే కాదు, తమ్ముడికి కబురు కూడా పెట్టింది. వాడు పొద్దున్నే పూర్ణా మార్కెట్లో వంకాయ బస్తాలు దింపేసి, ఖాళీ లారీని సందు చివర ఆపించి, వరండా మెట్టు మీద కూర్చున్నాడు, ఒళ్ళో కొత్త తాడు చుట్ట పెట్టుకుని. పన్నెండుకి లారీ కదులుతుంది. చిలకమ్మ ఇప్పుడు ఆ తాడు వంకా చూడటం లేదు, అత్త వంకా చూడటం లేదు, పిల్ల కాళ్ళ మీద గుడ్డ సర్దుకుంటోంది, సర్దిందే మళ్ళీ సర్దుకుంటోంది. నోరారా తిట్టినా బాగుండును. ఈ కోడలుపిల్ల తిట్టదు, ఏడవదు, అదే ఈ పిల్లతో వచ్చిన చావు. అంత బాధనీ లోపల పెట్టేసుకుంటుంది. అప్పుడూ అంతే చేసింది.

"అమ్మా," అని ఫ్రాన్సిస్ మెల్లగా పిలిచాడు, కెమెరా పైమూత తెరిచి లోపలికి తొంగి చూసుకుంటూ. "వారం రోజులూ పిల్ల కట్టి విడిచిన గుడ్డ దాని దగ్గర పెట్టారు కదా?" పెట్టాను బాబూ, అంది జోగమ్మ. అబద్ధమా? కాదు. పెట్టిన మాట నిజమే. రోజుకొకటి పెట్టింది, ఏడు రోజులూ ఏడు. ఫ్రాన్సిస్ తలూపి కిటికీ రెక్క ఇంకాస్త తెరిచాడు. ఆ తలూపడం చూస్తే జోగమ్మకి ఒళ్ళంతా చీమలు పాకినట్టయింది. మంచివాళ్ళు నమ్మేస్తే ఇదే గొడవ, ఇక మాట దాచుకోవడానికి చోటుండదు. పోయిన ఆదివారం పూజ ముగించుకుని చర్చి నుంచి తిన్నగా ఇక్కడికే వచ్చాడు, ఏమేం చెయ్యాలో చెప్పడానికి. ఫ్లాష్ బల్బు వెయ్యనన్నాడు, పిల్ల కళ్ళకీ మంచిది కాదు, కుక్కా బెదురుతుంది. కుక్కని పొద్దున్నే బాగా తిప్పి కడుపునిండా పెట్టమన్నాడు. పిల్ల తల్లి ఒళ్ళోనే ఉండాలి, కుక్క ముఖానికీ పిల్ల ముఖానికీ నడుమ తల్లి మోచెయ్యి ఉండాలి, ఒకరి చెయ్యి ఎప్పుడూ మెడపట్టీ మీద ఉండాలి అన్నాడు. పెదాలు నాక్కున్నా, తల పక్కకి తిప్పేసుకున్నా, ఊరికే ఆవలించినా అక్కడితో ఆపేద్దాం, ఫొటో కోసం ఎవర్నీ బలవంతం చెయ్యకూడదు అన్నాడు. చివర్న ఇంకో మాటన్నాడు. "ఎంత మంచి కుక్కయినా సరే, చంటిదాని దగ్గర ఒక్క నిమిషం కూడా ఒంటరిగా ఒదలకూడదమ్మా. మా ఇంట్లోనూ ఇదే రూలు."

ఒక్క నిమిషం. ఎల్లాజీ మెట్టు మీద కూర్చుని తాడు అంచు పళ్ళతో కొరుకుతున్నాడు, పక్కకి తిరిగితే ఎడమ చెంప మీద ముడతపడ్డ మచ్చ కనపడుతోంది. ఆ మచ్చ వయసు నలభై ఏళ్ళు. తనకి ఎనిమిదేళ్ళు, వాడు నడక రాని గుంటడు. కలుపుకి పోతూ అమ్మ, తమ్ముణ్ణి సూడే అంది. సరేనంది. పక్కింటి పెరట్లో చింతకాయలు రాలిన చప్పుడైతే ఒక్క పరుగున వెళ్ళింది, రెండు కాయలు గౌనులో వేసుకుంది, మూడోది ఏరుకునేలోపే కేక. వాణ్ణి కొరికింది తమ ఇంటి కుక్కే, ఎన్నడూ ఎవర్నీ కరిచింది కాదు. చెవి పట్టుకుని లాగేశాడో కంట్లో వేలే పెట్టాడో, చూసినవాళ్ళెవరు? నాన్న దాన్ని ఎక్కడికో తీసుకుపోయాడు, ఒక్కడే తిరిగొచ్చాడు. జోగమ్మని ఎవరూ కొట్టలేదు. కొట్టి ఉంటే ఆ రోజుతో పోయేది. ఆనాటి నుంచి కుక్క ఒంటి మీద చెయ్యి వేసి ఎరగదు, ఎల్లాజీ మాత్రం వీధిలో ఏ కుక్క కనపడినా చంకనెత్తుకుంటాడు. అదేట్రా అంటే, "నానే దాని సెవి పీకుంటానక్కా, దాని తప్పేటున్నాది, నీ తప్పేటున్నాది," అని ఆ మచ్చతోనే నవ్వుతాడు. వాడలా నవ్వినప్పుడల్లా దేవుడా అనుకుంటుంది, నా తమ్ముణ్ణి కళ్ళతో సహా మిగిల్చినావు, చాలు తండ్రీ.

పిల్ల కదిలింది, చిలకమ్మ ఉయ్యాల వైపు చూసింది, వద్దులే అన్నట్టు ఒళ్ళోనే జోకొట్టుకుంది. ఆ ఉయ్యాల తాడొకటి, పీచులు పీచులుగా లేచిపోయింది, మార్చాలి మార్చాలి అనుకుంటూనే ఉన్నారు. ఈ ఇంట్లో ఉయ్యాల కట్టడమంటే అందరికీ భయం కదా మరి, ముందే కొత్త తాడు తెచ్చి పెడితే ఏమవుతుందోనని, పాత చీరా పాత తాడుతోనే కానిచ్చేశారు. మొదటిది కడుపులో ఉండగానే, అయిదో నెలలో పోయింది. రెండోవాడు భూమ్మీద పడ్డాడు, ఏడ్చాడు, పాలు తాగాడు, తొమ్మిది రోజులున్నాడు. నాలుగో రోజున అప్పలసూరి స్నేహితుడు కదా అని ఈ ఫ్రాన్సిసే ఇదే కెమెరా పట్టుకుని వచ్చాడు. తనే గుమ్మానికి చెయ్యడ్డం పెట్టింది. పురుడు ఎల్లని బిడ్డకి ఫొటో ఏటి, ఆయుస్సు తగ్గిపోద్ది, ఎల్లు బాబూ. ఆ మనిషి చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు. ఫొటో తియ్యకుండానే ఆయుస్సు తగ్గిపోయింది. ఏడాది తిరిగాక ఒక సాయంత్రం బియ్యం ఏరుతూ ఏరుతూ చిలకమ్మ తలెత్తి, "అత్తా, ఆడి ముక్కు ఎలగుండేది?" అని అడిగింది. తొమ్మిది రోజులు కాళ్ళ మీద పడుకోబెట్టి నీళ్ళు పోసిన మనిషికి ఆ ముక్కు గుర్తుకు రాలేదు. చెవులు గుర్తున్నాయి, కుడికాలి చిటికెనవేలు గుర్తుంది. ముక్కు లేదు. అందుకే ఈసారి ఫొటో అనగానే ఇంకేం మాట్లాడలేదు. ఆ ఫ్రాన్సిస్ కూడా రానని బిగుసుకుంటే ఏం చేసేవాళ్ళు? పిలిచిన రోజునే వచ్చాడు, పాత మాట ఒక్కటీ ఎత్తకుండా, మామూలుగా, అమ్మా మంచినీళ్ళివ్వండి అంటూ వచ్చాడు.

ఫొటోకి ఒప్పుకుంటే కోడలు ఇంకో మాట పెట్టింది. సరంగు లేకుండా వద్దంది. సరంగు అంటే ఈ కుక్కే. అప్పలసూరి పోర్టులో ఓడల్ని లాగే టగ్గు పడవ మీద కలాసీ, ఆ టగ్గు నడిపే పెద్దాయన్ని సరంగు అంటారు. మూడేళ్ళ కిందట ఎక్కణ్ణుంచి ఎక్కిందో ఒక కుక్కపిల్ల టగ్గు ముందుభాగంలో ఆయనకంటే దర్జాగా కూర్చుందని ఆ పేరు పెట్టేసి, రేషన్ సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చాడు. ఎప్పుడు తెచ్చాడు? తొమ్మిదిరోజులవాడు పోయిన రెండో నెలలో. చిలకమ్మ గోడ వైపు తిరిగి పడుకుని ఉన్న రోజులు. లేవదు, తల దువ్వుకోదు, కంచం పెడితే పెట్టినట్టే ఉంటుంది. జోగమ్మ బతిమాలింది, కసిరింది, కనకమహాలక్ష్మి అమ్మవారికి మొక్కుకుంది, అమ్మవారి పసుపు తెచ్చి నుదుట రాసింది. ఏదీ పని చెయ్యలేదు. అలాంటప్పుడు వీడు సంచి విప్పి కుక్కపిల్లని నేల మీద వదిలితే ఒళ్ళు మండిపోయింది. "మనిసికే ముద్ద దిగట్లేదు, కుక్కనేటికి తెచ్చినావురా?" అని లేచింది. ఆ కుక్కపిల్ల తన చేతి కూడు ముట్టలేదు, చిప్పలో పెడితే వాసన చూసి వెళ్ళిపోయి మంచం కింద కూర్చుంది. ఒక పూట, రెండు పూటలు, మర్నాడు మధ్యాహ్నం కూడా. మూడో పూట దాటాక లోపల గాజుల చప్పుడైంది. వంటింటి తలుపు సందులోంచి చూసింది తను. చిలకమ్మ లేచి కూర్చుంది. జుట్టు ముడేసుకుంది. చేపల పులుసు అన్నంలో కలిపి ఒక ముద్ద కుక్కపిల్లకి పెట్టింది, తిను, నువ్వు తినకపోతే ఎలగ అంటోంది, అంటూ అంటూ చేతికంటిన మెతుకులు తన నోట్లో పెట్టుకుంది. ఆ తర్వాత ముద్ద తనకి. కొంగు నోటికడ్డం పెట్టుకుని జోగమ్మ ఎంత ఏడ్చిందో ఆ తలుపుకే తెలుసు. ఆ మాట ఈ నాటికీ ఎవరికీ చెప్పలేదు. కుక్కకైతే అసలే చెప్పలేదు. మర్నాడే ముగ్గు తొక్కిందని చీపురు విసిరింది దాని మీద.

ఇంతకీ మూడేళ్ళలో ఎన్నిసార్లు విసిరిందో ఆ చీపురు! పిల్ల పుట్టి ఇంటికొచ్చిన రోజు నుంచీ సరంగు ఈ గది గడప బయటే పడుకుంటోంది, ముందుకాళ్ళు రెండూ గడపకి ఆనించి. ఒక్కసారి కూడా దాటలేదు. పొమ్మంటే పోతుంది, నీళ్ళు చిలకరిస్తే లేస్తుంది, వెనక్కి తిరిగేసరికి మళ్ళీ అక్కడే. ముప్పై రోజులు గడప దాటనిది ఇవాళ రమ్మని పిలిస్తే గుర్రుమంటుందా? ఎందుకు గుర్రుమంటుంది? ఎందుకో నీకు తెలీదా జోగమ్మా? తెలుసు. అది ముక్కెత్తి గాలి పీల్చిన క్షణంలోనే తెలిసిపోయింది. ఫ్రాన్సిస్ ఇచ్చెయ్యమన్నది పిల్ల కట్టి విడిచిన గుడ్డని, విడిచింది విడిచినట్టుగా. ఉతకని పురుటిగుడ్డ తీసుకెళ్ళి కుక్క నోటికివ్వడం! ఎక్కడైనా ఉందా? పిల్లకి గాలీ ధూళీ సోకదూ? అసలే ఈ ఊళ్ళో ఔటర్ హార్బరు వచ్చాక దండెం మీద ఆరేసిన తెల్లపంచె సాయంత్రానికి ఇనుపఖనిజం దుమ్ముతో ఎర్రబడుతుంది, పిల్ల బట్టలన్నీ తను గదిలోపలే ఆరేస్తోంది. చెయ్యి రాలేదు. ఆ గుడ్డల్ని సోడాలో ఉడకబెట్టింది, రెండుసార్లు జాడించింది, ఆరాక అన్ని బట్టలతో పాటు గంప మీద పరిచి కింద కుంపట్లో సాంబ్రాణి వేసి పొగ పట్టించింది, అప్పుడు తీసుకెళ్ళి దాని గోనె మీద పెట్టింది. ఏడు రోజులూ అది మూతి ఆనించి వాసన చూసింది సాంబ్రాణి వాసన. రోజూ తలంటయ్యాక పిల్లకీ అదే పొగ, గడప దగ్గరికి అదే వాసన. ఇవాళ మాత్రం పొగ వెయ్యలేదు. ఫొటో అయ్యేదాకా ఆగండమ్మా, ఇరుకు గది, పొగ నిండితే వెలుగు మసకేస్తుంది, పిల్ల తుమ్ముతుంది అన్నాడు ఫ్రాన్సిస్. చుట్టిన గుడ్డ కూడా ఫొటోకని తీసిన పొగ పట్టని కొత్తదే, దాంతో ఆమదం, నలుగుపిండి, పాలవాసన ఇవే మిగిలాయి. ఆ కుక్క దృష్టిలో చిలకమ్మ ఒళ్ళో ఉన్నది ఎవరో కొత్త మనిషి. అది దాని మనిషిని కాపాడుకుంది, అంతే.

పదకొండూ పది. ఇప్పుడు నోరు మూసుకుని కూర్చుంటే చాలు. ఎవరికి తెలుస్తుంది? కుక్క ఆనందపురం పోతుంది, తమ్ముడి ఇంట్లో దానికేం లోటు, వాడు నెత్తిన పెట్టుకుంటాడు. ఈ ఇంట్లో తన భయమూ పోతుంది. రాత్రీ పగలూ ఒక కన్ను ఉయ్యాల మీద, ఒక కన్ను గడప మీద పెట్టుకుని ముప్పై రోజులైంది, ఇక నడుం వాల్చొచ్చు. చాలు కదా. కిటికీ ఊచల్లోంచి వరండా కనపడుతోంది. సరంగు నీళ్ళ గిన్నె ముట్టలేదు. అప్పలసూరి దాని వీపు నిమురుతూ ఏదో చెబుతున్నాడు. అది వాడి చెయ్యి విదిలించుకుని మూలకి పోయి, గోనె మీద నిన్నటి గుడ్డని మూతితో ముందుకి లాక్కుంది. దాని మీద గడ్డం ఆనించి, ఈ గది గుమ్మం వైపు చూస్తూ పడుకుంది. పిల్ల అక్కడే ఉందనుకుంటోంది పిచ్చిముండ. ముప్పై రోజులుగా తన పొగనే పిల్ల అనుకుని కావలి కాస్తోంది. నా కోడల్ని మంచం మీంచి లేపి నాకిచ్చినావు, దానికి నేను నీకిచ్చేది ఈ తాడా? ఆనాడు చింతకాయల కోసం పోయింది నేను, పోయింది కుక్క ప్రాణం. ఈనాడు గుడ్డ ఉతికింది నేను, మళ్ళీ కుక్కే పోవాలా?

"సిలకా," అంది. కోడలు ఠక్కున తలెత్తింది. "నాను ఉతికీసినానే. ఆ గుడ్డలు. ఇడిసింది ఇడిసినట్టు ఇమ్మన్నాడు కదా బాబు, నాకు సెయ్యాడక ఉడకబెట్టీసి, సాంబ్రాణేసి ఇచ్చినాను. దానికి మన గుంట వాసనే తెలీదు. దాని తప్పేటీ నేదు." చిలకమ్మ అత్త ముఖంలోకి చూస్తూ చూస్తూ, "కుక్కకి కూడా సాంబ్రాణేసినావా అత్తా?" అని, ఒక్కసారి పకపకా నవ్వేసింది, నవ్వుతుంటే కళ్ళమ్మట నీళ్ళు, ఒళ్ళో పిల్ల అదిరిపడి కెవ్వుమంది, ఊరుకో తల్లీ ఊరుకో అంటూ నవ్వుతూనే ఉంది. ఎన్నాళ్ళకి విన్నారు ఈ నవ్వు! ఫ్రాన్సిస్ కూడా నుదురు కొట్టుకుని నవ్వాడు. "అదా సంగతి! నాకు ముందే చెప్పొద్దా అమ్మా? సరే, వంటింట్లో పొగెయ్యండి, ఈ గదిలో వద్దు. పిల్లకి చుట్టే గుడ్డకి పట్టించి తెండి. ఇరవై నిమిషాలుంది." జోగమ్మ కుంపట్లో నిప్పులు వేసుకుంది, సాంబ్రాణి కాస్త ఎక్కువే పడింది, పోనీ, పడనీ.

ఫ్రాన్సిస్ ఏదీ తొందరపెట్టలేదు. పిల్ల పాలు తాగి నిద్రపోయేదాకా ఆగాడు. పొగ వాసన గుడ్డ చుట్టి, తల అవతలి మోచేతి మీదకి వచ్చేట్టు సర్దించాడు. అప్పలసూరి పట్టీ పట్టుకుని ఉండగా కుక్కని మొదట గడప దగ్గరే నిలబెట్టాడు, దాన్నే తేల్చుకోనిమ్మన్నాడు. సరంగు ముక్కెత్తింది. తోక ఒకసారి కదిలింది, ఆగింది, మళ్ళీ కదిలింది, ఇక ఊగడం ఆగలేదు. ఈసారి ఎవరూ పిలవకుండా తనంతట తనే అది ఆ గడప దాటింది. పిల్ల పాదాలున్న వైపు దూరంగా నిలబడి వాసన చూసుకుంది, సాంబ్రాణి కింద ఉన్న అసలు వాసన కూడా అప్పుడే చూసుకుంది కాబోలు, గట్టిగా ఒక నిట్టూర్పు విడిచి చిలకమ్మ తొడకి వీపు ఆనించి పడుకుంది. అప్పలసూరి మెడపట్టీ వదలకుండా పక్కనే కూర్చోబోతే ఫ్రాన్సిస్ వాడి ముందుకి తెల్లపంచె చాపాడు, దాన్ని చాచి పట్టుకుని అవతల నిలబడితే కిటికీ వెలుగు తిరిగి పిల్ల ముఖం మీద పడుతుందట. "మరి పట్టీ ఎవరు పట్టుకుంటారు? నమ్మకం లేక కాదు బావా, నమ్మినా సరే ఒక చెయ్యుండాలి." ఎవరో ఒకరు అనేలోపు జోగమ్మ కూర్చుంది. తనకి తెలిసే కూర్చుందా? నలభై ఏళ్ళ తర్వాత ఆమె చెయ్యి కుక్క మెడ మీద పడింది. వెచ్చగా ఉంది. బొచ్చు కింద నరం టక్ టక్‌మని కొట్టుకుంటోంది, తన మణికట్టులో కొట్టుకున్నట్టే. సరంగు కళ్ళు పైకెత్తి ఆమెను చూసింది, చీపురు లేదని చూసుకుందో ఏమో, మళ్ళీ దించుకుంది. నీ రుణం తీర్చలేనే, అనుకుంది జోగమ్మ, ఈసారి పైకి వినపడేంతగానే అనుకుంది.

కెమెరా ఒకసారి టిక్కుమంది. ఫ్రాన్సిస్ పక్కనున్న పిడి తిప్పుకుని మళ్ళీ నొక్కాడు. పిల్ల నిద్రలో పెదవి విరిచింది, ముక్కు ముడుచుకుంది, కొసన కాస్త పైకి తిరిగిన ముక్కు. జోగమ్మ దాన్ని కళ్ళారా చూసుకుంది. అంతలో వాడి ముక్కు కూడా గుర్తొచ్చింది. ఇదే. అచ్చం ఇదే, కొసన కాస్త పైకి. "సిలకా, ఆడి ముక్కు ఇలగే ఉండేదే," అంది. చిలకమ్మ పిల్ల ముక్కు వైపు చూస్తూ ఉండిపోయింది, ఫ్రాన్సిస్ మూడోసారి నొక్కాడు. అప్పుడే సరంగు ఆవలించింది. "చాలు," అన్నాడు ఫ్రాన్సిస్, ఇంకా తొమ్మిది ఫొటోల రీలు మిగిలుండగానే కెమెరా మూసేశాడు.

సందు చివర లారీ హారన్ మోగింది. ఎల్లాజీ గుమ్మంలో నిలబడి, తాడు చేతిలో సాగదీస్తూ, గదిలో నిద్రపోతున్న పిల్లనీ కుక్కనీ చూసి గొంతు తగ్గించాడు. "అక్కా, డ్రైవరు పిలస్తన్నాడు. కుక్కని కట్టీమంటావా, ఏటి?"

జోగమ్మ పట్టీ వదలలేదు, అక్కణ్ణుంచి లేవలేదు.

"ఆ తాడిక్కడ ఒగ్గీసి నువ్వెల్లరా," అంది. "ఉయ్యాలకి కడతాను."